డిగ్రీ అయిపోయింది, ఇప్పుడేం నేర్చుకోవాలి? పిల్లల థెరపిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ). తినడం, రాయడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లలకి సాధన చేయించడం నా పని. వారంలో నాలుగు రోజులు విజయవాడ సూర్యారావుపేటలో క్లినిక్, రెండు రోజులు స్కూళ్లు. ఆ రెండిట్లో ఒక రోజు గుంటూరు వైపు వెళ్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఫిజియోలు, ఓటీలు, స్పీచ్ వాళ్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రాత్రి పదింటికి ఫోన్లో చెప్పిందే మళ్లీ చెప్పడం ఎందుకని ఇక్కడ రాసిపెట్టాను.

డిగ్రీ తర్వాత చేసే ఈ శిక్షణలు తప్పనిసరా, మన ఇష్టమా?

మీ డిగ్రీని బట్టి ఉంటుంది. స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కిందికి వస్తారు. మనం ఆర్‌సీఐ అనేది దాన్నే. 1992 నాటి చట్టం కింద నడుస్తుంది అది. సెంట్రల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి, ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, అందుకు సీఆర్‌ఈ పాయింట్లు, అంటే వృత్తిలో ఉంటూ చేసిన శిక్షణలకి వచ్చే పాయింట్లు చూపించాలి. కాబట్టి వాళ్లకి ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు.

ఫిజియోలు, ఓటీల కథ వేరు. 2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఈ రెండు వృత్తులనీ తన కిందికి తెచ్చుకుంది. జాతీయ కమిషన్, దాని కింద రాష్ట్ర కౌన్సిళ్లు, రిజిస్టర్లు అన్నీ ఆ చట్టం ఏర్పాట్లే. అంతకుముందు మనకున్నవి సంఘాలు: ఓటీలకి 1952 నుంచి ఉన్న అఖిల భారత సంఘం, ఫిజియోలకి 1955 నాటి సంఘం. ఒకటి మాత్రం చెప్తాను. కౌన్సిల్ అడిగినప్పుడు చూసుకుందాంలే అనుకోకండి. వెళ్లిన ప్రతి ట్రైనింగ్ సర్టిఫికెట్టూ, గంటల వివరంతో సహా, ఒక ఫైల్లో పెట్టుకోండి. నా మొదటి ఆరేళ్ల కాగితాలు ఇల్లు మారినప్పుడు పాత పేపర్లవాడి తూకంలోకి వెళ్లిపోయాయి.

ఒక వర్క్‌షాప్‌కి నిజంగా పాయింట్లు వస్తాయని ఎలా నమ్మాలి?

బ్రోచర్‌ని నమ్మొద్దు, ఆమోదం కాగితాన్ని అడగండి. మా క్లినిక్‌లో స్పీచ్ చూసే అమ్మాయి మూడు రోజుల వర్క్‌షాప్‌కి చేతి డబ్బు పెట్టుకుని వెళ్లింది. బ్రోచర్ మీద ‘సీఆర్‌ఈ పాయింట్లకు దరఖాస్తు చేశాం’ అని పెద్ద అక్షరాలతో ఉంది. దరఖాస్తు చేసిన మాట నిజమే. ఆమోదమే రాలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతి బయటపడింది. ఫీజు వెనక్కివ్వలేదు. ఆ పిల్ల వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటినుంచి మా పద్ధతి ఇదీ: కార్యక్రమానికి వచ్చిన ఆమోదం నంబరు, ఎన్ని పాయింట్లు, ఏ కేటగిరీ వాళ్లకి. ఈ మూడూ రాతపూర్వకంగా వస్తేనే డబ్బు కడతాం. కేటగిరీ ముఖ్యం. స్పెషల్ ఎడ్యుకేటర్ల కోసం ఆమోదించిన దానికి మీరు వెళ్లి కూర్చుంటే చదువు వస్తుంది కానీ పాయింట్లు రాకపోవచ్చు.

మనకి దగ్గర్లో మంచి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

మేధో వైకల్యం, ప్రవర్తన, స్పెషల్ ఎడ్యుకేషన్ అయితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ. 1984 నాటి సంస్థ. పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. ఆటిజం అంచనాకి మనదేశంలో వాడే ఐఎస్‌ఏఏ స్కేలు అక్కడ తయారైనదే. వినికిడి, మాటలకి సంబంధించి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. మైసూరు ‘ఐష్’ (అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ) స్పీచ్ వాళ్లకి పుట్టిల్లు లాంటిది, 1965 నుంచి ఉంది. ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లల కోసం చెన్నై దగ్గర ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ అనే జాతీయ సంస్థ. నెల్లూరులో సీఆర్‌సీ, అంటే వైకల్యాలున్నవాళ్ల కోసం పెట్టిన ప్రాంతీయ కేంద్రం ఉంది. పొద్దున్నే పినాకిని రైలెక్కితే ఒక్క రోజు కార్యక్రమానికి అదే మనకి సుఖం.

సికింద్రాబాద్ వెళ్లేవాళ్లకి ఒక మాట: శాతవాహన రైలెక్కితే దిగేసరికి దాదాపు మధ్యాహ్నం అవుతుంది. మొదటి సెషన్ పోయినట్టే. రాత్రి బస్సు ఎక్కండి.

ఆన్‌లైన్ కోర్సులు సరిపోవా?

బుర్రకి సరిపోతాయి, చేతులకి సరిపోవు. అంచనా పద్ధతులు, చట్టాలు, కొత్త పరిశోధన, తల్లిదండ్రులతో మాట్లాడే తీరు, ఇవన్నీ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. పిల్లాడి దవడని ఎలా పట్టుకోవాలి, చేతికి ఆసరాగా కట్టే స్ప్లింట్ ఎక్కడ ఒరుసుకుంటుంది లాంటివి ఎవరో ఒకరు మీ చెయ్యి పట్టుకుని చూపించాలి.

అయినా ఆన్‌లైన్‌ని తీసిపారేయను. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లల ఆహారం గురించి ఐడీడీఎస్‌ఐ అని ఒక అంతర్జాతీయ కొలత ఉంది. ద్రవాలనీ గట్టి ఆహారాన్నీ కలిపి 0 నుంచి 7 వరకు స్థాయిలు. దాని గురించి ఒక గంటన్నర పాఠం ఆన్‌లైన్‌లో విన్నాను. మర్నాడు క్లినిక్‌లో ఒక అమ్మమ్మ తెచ్చిన రాగి జావని సిరంజితో కొలిచాం. పది ఎంఎల్ సిరంజి, సూది లేకుండా. సున్నా నుంచి పది గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అన్ని కంపెనీల సిరంజిలూ పనికిరావు. సిరంజి మూతిని వేలితో మూసి, జావ నింపి, వేలు తీసి, పది సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూడటమే. వేడిగా ఉన్నప్పుడు మూడు ఎంఎల్ దగ్గర ఆగింది. చల్లారాక ఏడు దాటింది. అంటే ఒకే గిన్నెలోని జావ అరగంటలో ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మారిపోయింది. “పొద్దున వేడివేడిగా తాగినప్పుడే దగ్గుతాడమ్మా, తర్వాత దగ్గడు” అని ఆవిడ నెల్నుంచీ చెబుతూనే ఉంది. మేమే వినిపించుకోలేదు.

చాలా కోర్సులున్నాయి. ముందు ఏది చెయ్యాలి?

కోర్సుల జాబితా పక్కన పెట్టి, మీ దగ్గరికి వచ్చే పిల్లల జాబితా తీయండి. గత మూడు నెలల్లో మీకు పాలుపోని ముగ్గురు పిల్లల పేర్లు రాయండి. పాలుపోకపోవడానికి కారణం ఒక్కొక్కరికి ఒక్క వాక్యంలో రాయండి. ఆ మూడు వాక్యాల్లో దేనికి జవాబు దొరుకుతుందో ఆ కోర్సుకి వెళ్లండి. పక్క క్లినిక్ వాళ్లు చేశారని మాత్రం వద్దు.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో ఇబ్బంది) ఉన్న పిల్లల్ని చూసేవాళ్లకి ఇంకో సలహా. అయోనా నోవాక్ అనే పరిశోధకురాలి బృందం 2013లో, ఉన్న ఆధారాలు చూసి, 64 రకాల చికిత్సలకి ట్రాఫిక్ లైటు రంగులు వేసింది, 2020లో దాన్ని మళ్లీ సవరించింది. రెండు చేతులతో చేయించే సాధన, బాగున్న చేతిని కట్టేసి బలహీనమైన చేతిని వాడించే పద్ధతి, లక్ష్యం పెట్టుకుని అదే పని చేయించడం, ఇంట్లో చేసుకునే కార్యక్రమం, తుంటి కీలుని క్రమం తప్పకుండా గమనించడం, ఇవన్నీ పచ్చ. మనలో సగం మంది గొప్పగా చెప్పుకునే ఎన్‌డీటీ, అంటే పిల్లల కదలికని చేతులతో పట్టి దిద్దే పద్ధతి, ఎర్రలో పడింది. వారాల తరబడి, అంత డబ్బు పోసి ఎన్‌డీటీ చేసినవాళ్లకి ఇది రుచించదు, నాకూ రుచించలేదు. ఆ శిక్షణలో పిల్లల కదలికని గమనించే కన్ను వస్తుంది, అది వృథా కాదు. కానీ ఇప్పుడు ఒక జూనియర్ తన సొంత డబ్బుతో మొదటి కోర్సు చేస్తానంటే, దానికి పంపను. జీఎంఎఫ్‌సీఎస్ (నడక, కదలికల స్థాయి), మ్యాక్స్ (చేతుల వాడకం స్థాయి) తడబాటు లేకుండా చెప్పడం, తల్లితో కలిసి ఒక కొలవగలిగే లక్ష్యం రాయడం, ముందు ఈ రెండూ రావాలి.

సెన్సరీ ఇంటిగ్రేషన్ కోర్సు చేయకపోతే పిల్లలు రారంటున్నారు. నిజమేనా?

ఊయల, స్పర్శ, కదలికల ఆటలతో పిల్లల ఇంద్రియాల స్పందనని సర్దే థెరపీ అది. పిల్లలు రావడం గురించైతే కొంత నిజమే. ఇవాళ తల్లిదండ్రులు ఫోన్ చేయగానే అడిగేది “మీ దగ్గర ఊయల ఉందా మేడమ్?” అనే.

పని గురించైతే జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ పద్ధతిని రూపొందించిన జీన్ ఎయిర్స్ పెట్టిన నియమాల ప్రకారం చేసే థెరపీ ఒకటి. బరువు చొక్కా తొడిగి, బ్రష్‌తో రుద్ది, అదే సెన్సరీ థెరపీ అనడం ఇంకొకటి. మొదటిదానికి కొన్ని చిన్న అధ్యయనాల్లో మంచి ఫలితాలు కనిపించాయి. కానీ 2022లో బ్రిటన్‌లో 138 మంది ఆటిజం పిల్లలతో చేసిన ట్రయల్‌లో, మామూలుగా అందే సేవల కంటే అదనపు లాభం కనిపించలేదు. బరువు చొక్కాలకి గట్టి ఆధారమే లేదు. కోర్సు చెయ్యండి, తప్పులేదు. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకునే పిల్లాడిని అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుంది. అయితే ఊయల ఊపిన నలభై నిమిషాల తర్వాత ఆ పిల్లాడు బొత్తాలు పెట్టుకోవడంలో ఏం మారిందో రాసుకోండి. ఏమీ మారకపోతే ఊయల మీది, ఫీజు వాళ్లది.

ఏ కోర్సులకి దూరంగా ఉండాలి?

‘నూరు శాతం నయం’ అనే మాట ఉన్న ఏ పోస్టరుకైనా. అది అరచేతిలో వైకుంఠమే.

మాటలు రాని పిల్లల చెయ్యి పెద్దవాళ్లు పట్టుకుని అక్షరాలు చూపించే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ కూడా వద్దు. అక్కడ మాట్లాడేది పిల్లాడు కాదు, పట్టుకున్న చెయ్యి. అమెరికా స్పీచ్ సంఘం 2018లోనే దాన్ని వాడొద్దని చెప్పింది. మాటలు రావడానికి ఈల ఊదించడం, నాలుక అటూ ఇటూ తిప్పించడం నేర్పే కోర్సులు మన ఊళ్లో ఇంకా నడుస్తున్నాయి. ఊదడం వస్తే ఊదడమే వస్తుంది. మాట రావాలంటే మాటతోనే సాధన చేయించాలి. ఇక స్టెమ్ సెల్స్: ఆటిజానికి వాటిని సిఫార్సు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. అది మన పని కాకపోయినా, పొలం అమ్మి మరీ వెళ్దామా అని తల్లిదండ్రులు మనల్నే అడుగుతారు. జవాబు తెలిసి ఉండాలి.

క్లినిక్ అనుభవం ఉంది. స్కూల్లో పనిచేయడానికి విడిగా శిక్షణ కావాలా?

కావాలి. క్లినిక్‌లో మీరే రాజు. స్కూల్లో మీరు చుట్టం. పీరియడ్ మధ్యలో పిల్లాడిని లేపుకుపోతే టీచర్‌కి కోపం వస్తుంది, తోటి పిల్లలకి తెలిసిపోతుంది, పాఠం పోతుంది.

ఒక ఉదాహరణ. విజయవాడలో ఒక స్కూల్లో రెండో తరగతి బాబు. చేతిరాత ఘోరం, పుస్తకం నిండా మరకలు, గీతలు. నేను అప్పుడే చేతి చిన్న కండరాల మీద ఐదు రోజుల వర్క్‌షాప్ చేసి వచ్చాను. బ్యాగులో పుట్టీ (వేళ్ల బలానికి పిసికే ముద్ద), క్లిప్పులు, పట్టకార్లు అన్నీ సిద్ధం. నాలుగు వారాలు వాటితో చేయించాను. క్లినిక్‌లో బాగానే రాసేవాడు, స్కూల్ పుస్తకం మాత్రం అలాగే ఉంది. ఐదో వారం టీచర్‌ని బతిమాలి క్లాసులోనే చివర కూర్చున్నాను. వాడిది ఎడమ చెయ్యి. ముగ్గురు కూర్చునే బెంచీలో మధ్యలో వేశారు. ఎడమ పక్కనున్న పిల్లాడి కుడి మోచెయ్యి, వీడి ఎడమ మోచెయ్యి నిమిషానికి ఒకసారి ఢీకొంటున్నాయి. పైగా కాళ్లు నేలకి అందడం లేదు. బెంచీ ఎడమ చివరకి మార్చి, కాళ్ల కింద పాత నోట్ పుస్తకాల కట్ట పెట్టాం. పుట్టీ బ్యాగులోనే ఉండిపోయింది.

అందుకే స్కూల్ పనికి కావలసిన శిక్షణ వేరంటాను. క్లాసుని గమనించడం, టీచర్‌కి రెండు నిమిషాల్లో చేయగలిగిన ఒక్క సూచన చెప్పడం, చట్టం తెలియడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలని గుర్తిస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. పరీక్షల్లో స్క్రైబ్ (బదులు రాసిపెట్టే మనిషి) అర్హత ఉన్నవాళ్లకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. పదో తరగతి పరీక్షలకి నెల ముందు పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులకి ఈ సంగతి ఎనిమిదో తరగతిలోనే చెప్పాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎక్కడ, ఎలా అన్నది కూడా మనకి తెలిసి ఉండాలి.

ప్రభుత్వ స్కూళ్ల వైపు వెళ్లాలనుకుంటే ముందు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఒక పూట వెళ్లి రండి. అక్కడ పిల్లలకి నేర్పే ఐఈఆర్‌పీలకి ఏ ఇంట్లో ఏ పిల్లాడున్నాడో, ఏ తాతయ్య ఆటోలో తీసుకొస్తాడో అన్నీ తెలుసు. ఆ ఒక్క పూటలో దొరికే అవగాహన ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకదు.

కోర్సులన్నీ ఇంగ్లీషులో, ఇంగ్లీషు పిల్లల మీద. తెలుగు పిల్లలకి ఎలా మార్చుకోవాలి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. విదేశీ చేతిరాత కార్యక్రమాలు నిలువు గీత, అడ్డ గీత, ఏటవాలు గీతతో మొదలవుతాయి. తెలుగు పిల్లాడి పెన్సిల్‌కి మొదటి రోజు నుంచీ కావలసింది గుండ్రం. సున్నా చుట్టడం, మెలిక తిప్పడం, పైన తలకట్టు పెట్టడం, కింద ఒత్తు ఇరికించడం. ‘అమ్మ’ అనే రెండక్షరాల మాటకే లైను కిందికి దిగాలి. మేం అందుకే గీతలతో కాకుండా ‘ర’, ‘ఠ’, ‘ం’ల్లోని గుండ్రాలతో మొదలుపెట్టి, తర్వాత తలకట్టు, గుణింతాలు, అన్నిటికంటే ఆఖరున ఒత్తులు చేయిస్తాం. ఇది ఏ కోర్సులోనూ చెప్పింది కాదు, మా క్లినిక్ గోడ మీద సుద్దతో తేల్చుకున్న వరుస.

మాటల విషయంలోనూ అంతే. మామూలు మాటల్లో ‘శనివారం’ని ‘సనివారం’ అనేవాళ్లు, ‘బాణం’ని ‘బానం’ అనేవాళ్లు, ‘ధ’కి ‘ద’ పలికేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! పుస్తకం పట్టుకుని ఇవన్నీ తప్పులని మార్కులు వేస్తే పిల్లతో పాటు వాళ్ల నాన్నకీ, వీధి మొత్తానికీ స్పీచ్ థెరపీ చేయాల్సొస్తుంది. ముందు ఇంట్లో ఎలా మాట్లాడతారో వినండి.

పిల్లల భద్రత మీద కూడా శిక్షణ అవసరమా?

అవసరం. పాయింట్లు రాకపోయినా సరే. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, జరగొచ్చన్న భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. మాటలు రాని పిల్లలతో, తలుపు మూసిన గదిలో పనిచేసేవాళ్లం మనం. తలుపుకి అద్దం పెట్టించడం కూడా ఆ శిక్షణలోనే నేర్చుకున్నాను.

దీంతో పాటే వీడియోల సంగతి. 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. వాట్సాప్ గ్రూపులో ‘సార్, ఈ కేసు చూడండి’ అంటూ మొహం కనిపించే వీడియో పడేయకండి.

ఓనర్ సెలవు ఇవ్వడు, జీతం అంతంత మాత్రం. ఏం చెయ్యాలి?

ఏడాదికి ఒక్కటి చెయ్యండి. మిగతా టైమ్‌లో నెలకొక పరిశోధన వ్యాసం చదవండి, చాలావాటికి డబ్బు అక్కర్లేదు. చేరేటప్పుడే ఏడాదికి మూడు రోజుల శిక్షణ సెలవు మాట్లాడుకోండి. చేరాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

సర్టిఫికెట్లు పెరిగితే జీతం పెరుగుతుందా?

గోడకి ఫ్రేములు పెరుగుతాయి.

నేర్చుకున్నది నెల తిరక్కుండానే మర్చిపోతున్నాను. అందరికీ ఇంతేనా?

ఇంతే. వర్క్‌షాప్ నుంచి ఆదివారం రాత్రి బస్సెక్కుతాం, సోమవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి పిల్లాడు ఏడుస్తూ వస్తాడు, పాత పద్ధతిలోకి జారిపోతాం. నేను చేసేది చెప్తాను. తిరుగు ప్రయాణంలోనే ఒక్క పిల్లాడి పేరు, ఒక్క మార్పు రాసుకుంటాను. వాడితోనే ఆరు వారాలు చేస్తాను. మొదటి రోజు, ఆరో వారం వీడియో తీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి తల్లికి చూపిస్తాను. తేడా ఉందో లేదో ఆవిడే చెబుతుంది, మొహమాటం లేకుండా.

మీరు నెలనెలా పెట్టుకునే ఆదివారం కేసుల చర్చకి మేం రావచ్చా?

రండి. నెలలో రెండో ఆదివారం, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఫిజియో మిత్రుడి క్లినిక్ మేడ మీద, ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. ఒకళ్లు ఒక కేసు తెస్తారు. బాగా కుదిరిన కేసు తేవడానికి వీల్లేదు, కుదరనిదే తేవాలి. వీడియో ఉంటే తల్లిదండ్రుల సంతకంతో రావాలి. సర్టిఫికెట్ ఇవ్వం, పాయింట్లు లేవు. టీ, మిర్చి బజ్జీ మాత్రం ఆ నెల కేసు తెచ్చినవాళ్ల ఖర్చు.